హస్తవాసి మంచిదన్నారు, కీమో మానేశారు

ఈ వారం ఉత్తరం విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి వచ్చింది. పేరు రాయవద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, అందుకని ముఖ్యమైన సంగతులు మాత్రం చెబుతాను.

రాసినావిడకి నలభై ఏడేళ్లు. కొన్నేళ్ల కిందట వాళ్ల నాన్నగారు క్యాన్సర్‌తో పోయారు. చివరి రోజుల్లో ఆయన ఏ మందుకీ కుదుటపడేవారు కాదట. ఈవిడ మంచం పక్కన కూర్చుని పాదాలు రాస్తుంటే మాత్రం మెల్లగా నిద్రలోకి జారుకునేవారట. ఆయన పోయాక ఈవిడ యోగాలో డిప్లొమా చేశారు. రోగులకు మెత్తగా మర్దన చేయడం కూడా నేర్చుకున్నారు. హెడ్ నర్సు గారు "రండమ్మా, పేషంట్లకి మంచిదేగా" అనడంతో నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాన్సర్ వార్డుకి వారంలో మూడు మధ్యాహ్నాలు వెళ్తున్నారు. కీమో ఎక్కుతున్నవాళ్ల దగ్గర కూర్చుని శ్వాస అభ్యాసాలు చేయిస్తారు, చేతులకీ పాదాలకీ లావెండర్ నూనెతో మర్దన చేస్తారు, వికారం ఉన్నవాళ్లకి మణికట్టు దగ్గర నొక్కుతారు. పైసా తీసుకోరు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే ఒకాయన ఉండేవారు. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యి కీమో నడుస్తోంది. ఈవిడ మర్దన చేస్తే హాయిగా పడుకునేవారు. ఒకరోజు ఆయన భార్య ఈవిణ్ని వరండాలోకి పిలిచి అంది: "మీ సెయ్యి పడితేనే నిద్దరోతన్నాడమ్మా. మీ హస్తవాసి మంచిది. ఆ సూదులెట్టినప్పుడల్లా మడిసి సగమైపోతన్నాడు. మా ఊళ్లో ఒకాయన తిప్పతీగ రసం ఇత్తన్నాడు. అది తాగించి, మీ దగ్గరికే తీసుకొచ్చేత్తే సాలదా?" ఈవిడకి ఏం చెప్పాలో తోచలేదు. "మీ ఇష్టం అమ్మా, ఆలోచించుకోండి" అనేసి వచ్చేశారు. తర్వాతి కీమోకి వాళ్లు రాలేదు. ఆ తర్వాతిదానికీ రాలేదు.

అప్పటినుంచి ఈవిడకి నిద్ర లేదు. దీనికి తోడు ఒక డ్యూటీ డాక్టరు అందరి ముందూ "ఇవన్నీ ఎందుకండీ, టైమ్ వేస్ట్" అన్నారు. యోగా నేర్పిన గురువుగారేమో "జబ్బు నయమవుతుందని ధైర్యంగా చెప్పు, బోర్డు పెట్టు" అంటున్నారు. ఆసుపత్రి మేనేజరు ఇంకో అడుగు ముందుకేసి, దీన్ని ప్యాకేజీ చేద్దాం, పేషంటు దగ్గర సెషన్‌కి ఇంత అని తీసుకుందాం అంటూ 'సహజ చికిత్సతో క్యాన్సర్‌పై విజయం' అని కరపత్రం నమూనా కూడా చూపించారు. ఇంట్లో భర్త "ఆ రోగాల మధ్య నీకెందుకు" అంటున్నారు. మర్దనకి ముందు గాజులు తీసి వెళ్తున్నందుకు అత్తగారు బాధపడుతున్నారు.

"నా వల్లే ఆయన మందు మానేశారా? నేను మానేయాలా, కొనసాగాలా? డబ్బు తీసుకోవడం తప్పా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, ముందు ఆ శ్రీకాకుళం ఆయన సంగతి చూద్దాం. మిగతావన్నీ నింపాదిగా మాట్లాడుకోవచ్చు, ఇది ఆగేది కాదు.

పెద్దపేగు ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమో, కంటికి కనపడకుండా ఒంట్లో ఎక్కడైనా మిగిలిపోయిన కణాల కోసం. మామూలుగా మూడు నెలల నుంచి ఆరు నెలల దాకా నడుస్తుంది. మధ్యలో ఒకటి రెండు విడతలు తప్పినంత మాత్రాన తలుపులు మూసుకుపోవు. రక్తం తక్కువైందనో, జ్వరం వచ్చిందనో డాక్టర్లే వాయిదా వేసిన సందర్భాలు ఉంటాయి. ఎక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టాలో క్యాన్సర్ డాక్టరు చెబుతారు. కానీ నెలలు గడిచేకొద్దీ ఆ మందు వల్ల జరగాల్సిన మేలు తగ్గిపోతుంది. అందుకని రేపే హెడ్ నర్సు గారి దగ్గర కూర్చుని, ఆయన భార్య మీతో ఏమందో, మీరేమన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. కేస్ షీట్‌లో నంబరు చూసి మీరే ఫోన్ చేయకండి. అది రోగి ఆసుపత్రికి నమ్మి ఇచ్చిన నంబరు. పైగా మీరు ఫోన్ చేస్తే "మర్దన చేసే అమ్మగారు పిలుస్తున్నారు" అనుకుంటారే తప్ప డాక్టరు పిలుస్తున్నారని అనుకోరు. నర్సు గానీ, వైద్య సేవ (ప్రభుత్వ ఆరోగ్య పథకం) హెల్ప్‌డెస్కు వాళ్లు గానీ ఫోన్ చేసి "మళ్లీ మొదలుపెట్టొచ్చు, డాక్టరు గారు రమ్మన్నారు" అనాలి. వాళ్లు కోరితే మీరు పక్కన ఉండి రెండు మాటలు మాట్లాడండి.

ఇక మీ వల్లేనా అన్న ప్రశ్న. కీమో మధ్యలో ఆపేసేవాళ్లకి కారణం ఒక్కటే ఉండదు. ఇచ్ఛాపురం నుంచో, పాడేరు నుంచో, అటు కొరాపుట్ నుంచో విశాఖ వస్తారు. ప్రతి విడతకీ ఇద్దరికి చార్జీలు, ఇక్కడ ఉండటానికి చోటు, తిండి, పోయిన కూలి. ఆరోగ్య కార్డు ఆసుపత్రి బిల్లు చూసుకుంటుంది గానీ పొలంలో ఆగిపోయిన పనిని చూసుకోదు. దానికి తోడు వాంతులు, నీరసం, నోట్లో పుళ్లు. ఆయన భార్య మీతో మాట్లాడకముందే ఊళ్లో ఆ రసం సంగతి ఆలోచించి పెట్టుకుంది, గుర్తుంచుకోండి. మానేద్దామన్న ఆలోచన మీరు పెట్టింది కాదు.

అయినా మీ మనసు కొట్టుకుంటోందంటే దానికి కారణం ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. వార్డులో మెడలో కార్డు వేసుకుని మంచం పక్కన నిలబడిన ప్రతివాళ్లూ రోగి కళ్లకి ఆసుపత్రి మనిషే. ఎవరు డాక్టరు, ఎవరు ఫిజియో, ఎవరు సేవకి వచ్చినవారు అన్న తేడా వాళ్లకి తెలియదు. పైగా డాక్టరు రౌండ్స్‌లో రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోతారు, మీరు అరగంట కూర్చుని పాదం ఒళ్లో పెట్టుకుంటారు. ఆవిడ ఎవరి మాట ఎక్కువ నమ్ముతుంది? అలాంటి చోట మీరు "మీ ఇష్టం" అంటే, ఆవిడకి "తప్పేం లేదు" అన్నట్టు వినిపిస్తుంది. మీరు మొహమాటానికి అన్నారు. ఆవిడ అది ఒప్పుకోలు అనుకుంది.

కాబట్టి రేపటినుంచి ఈ ప్రశ్నకి మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. ఇంకా చాలామంది అడుగుతారు. నేనైతే ఇలా అంటాను: "దీనివల్ల జబ్బు తగ్గదమ్మా. వికారం, బెంగ కాస్త తగ్గుతాయి, నిద్ర పడుతుంది, అంతే. జబ్బుని తగ్గించేది ఆ మందే. మందు మానేస్తే నేను చేసేదాని వల్ల ఏ లాభం లేదు. బాధ ఓర్చుకోలేకపోతుంటే పదండి, సిస్టర్‌కి చెబుదాం, బాధకి కూడా మందులున్నాయి." చివరి వాక్యం ముఖ్యం. ఆ భార్య అసలు అడిగింది తిప్పతీగ గురించి అనుకోను నేను. 'మా ఆయన సగమైపోతున్నాడు, ఎవరైనా పట్టించుకోండి' అంటోంది. ఆ మాట డాక్టరు చెవిన పడి ఉంటే వాంతులకి మందు మార్చేవారు, డోసు తగ్గించేవారు, రెండు రోజులు ఎక్కువ విరామం ఇచ్చేవారు. మీరు మోయాల్సిన కబురు అది. రోగులు డాక్టరుతో చెప్పని సంగతులు మీతో చెబుతారు. అవి మీ దగ్గరే ఆగిపోకూడదు.

తిప్పతీగ సంగతి కూడా ఒక మాట. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబై డాక్టర్లు నివేదించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదం ఎలా ఉన్నా, చాలా కీమో మందుల్ని కాలేయమే సంభాళించుకోవాలి. అందుకే విడత విడతకీ కాలేయం పరీక్ష చేస్తారు. ఆ సమయంలో ఎంత మోతాదో తెలియని రసం తాగుతూ అది డాక్టరుకి చెప్పకపోవడం ప్రమాదం. మీకు వరండాలో ఎవరైనా ఇలాంటిది చెబితే తిట్టకండి. తిడితే దాచేస్తారు. "తాగుతున్నారా? అయితే ఈ రోజే డాక్టరు గారికి చెప్పండి, నేనూ వస్తాను" అనండి.

మీరు చేసేపనికీ ఆయన మందు మానడానికీ ఉన్న సంబంధం గురించి నిజమైన లెక్క ఒకటి ఉంది, మీరు తెలుసుకోవాలి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. మామూలు క్యాన్సర్ చికిత్స కొంతైనా తీసుకుంటూ పక్కన ఇతర పద్ధతులు కూడా వాడిన 258 మందిని, అవి వాడని 1,032 మందితో పోల్చి చూశారు. పక్క పద్ధతులు వాడినవాళ్లలో మరణం ముప్పు రెండింతలు ఉంది. చూడగానే భయమేస్తుంది. కానీ ఎందుకని తవ్వితే, వాళ్లలో వందకి 34 మంది కీమో వద్దన్నారు. రెండో గుంపులో అలా వద్దన్నవాళ్లు వందకి 3 మందే. ఆపరేషన్, రేడియేషన్ విషయంలోనూ అంతే. చికిత్స వద్దనడాన్నీ ఆలస్యం చేయడాన్నీ లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా బాగా తగ్గిపోయి, కచ్చితంగా ఉందని చెప్పలేనిదైంది. అంటే వాళ్లని చంపింది పక్కన చేసే పని కంటే, అసలు మందుకి దూరమవడమే అనుకోవాలి. మీ కథ సరిగ్గా ఇదే. అందుకే మీరు మానేయడం ఒక్కటే దారి అని నేను అనను. రోగి అసలు మందు దగ్గరే నిలబడేలా ఈ పని చేయడం అంతకంటే మంచి దారి.

ఇప్పుడు డ్యూటీ డాక్టరు గారి సంగతి. నలుగురి ముందూ అలా అనడం మర్యాద కాదు. బాధపడటం సహజం. కానీ ఆయన కోపం వెనుక ఒక న్యాయమైన భయం ఉండొచ్చు, దాన్ని మీరు చెవిన పెట్టాలి. మీరు ఉత్తరంలో రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: "ఆయన పాదాల్లో చీమలు పాకినట్టుంది అనేవారు, అందుకని ఇంకాస్త గట్టిగా రాసేదాన్ని."

పెద్దపేగు క్యాన్సర్‌కి చాలా తరచుగా ఇచ్చే మందు ఆక్సాలిప్లాటిన్. అది నరాల మీద పనిచేసి వేళ్లలో తిమ్మిర్లు, చీమలు పాకినట్టు తెస్తుంది. కొందరికి చల్లటిది ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు ఉంటుంది. చల్లటి చేతులతో, ఏసీ గదిలో ఉన్న నూనెతో ఆ పాదం పట్టుకుంటే మీరు సుఖం ఇవ్వబోయి నొప్పి ఇస్తారు. దానితోపాటు కొందరికి ఇచ్చే మాత్ర కాపెసిటాబిన్. దానివల్ల అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, మంటపుట్టి, తోలు ఊడొచ్చు. అలా ఉన్నప్పుడు రుద్దడం అసలు కూడదు, రాపిడి వల్ల ఎక్కువవుతుంది. మందు రాసుకుని వదిలేయడమే. ఆయనకి ఏ మందులు ఇస్తున్నారో మీకు తెలియదు, చెప్పినవాళ్లూ లేరు. తెలియకుండా గట్టిగా రాశారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ప్లేట్‌లెట్లు పడిపోయినవారికి కాస్త నొక్కినా చర్మం కింద రక్తం కమ్ముతుంది. 50,000 కంటే తక్కువుంటే ఒత్తిడి పెట్టకుండా చెయ్యి పట్టుకుని కూర్చోవడంతో సరిపెట్టాలి. కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల కణాలు బాగా తగ్గుతాయి, అప్పుడు మీ జలుబు వాళ్లకి న్యుమోనియా కావొచ్చు. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క వేడిగా నొప్పిగా ఉంటే దాన్ని తాకకండి. అది లోపల రక్తం గడ్డకట్టడం కావొచ్చు. మర్దన చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. నేరుగా సిస్టర్‌ని పిలవండి. ఎముకలకి జబ్బు పాకినవారి వీపు, తుంటి నొక్కితే ఎముక విరగొచ్చు. రొమ్ము ఆపరేషన్ అయినవారికి అటువైపు చెయ్యి, రేడియేషన్ పడుతున్న చర్మం, మందు ఎక్కించడానికి ఛాతీలో అమర్చిన పోర్టు, సెలైన్ గొట్టం (కాన్యులా) పెట్టిన చెయ్యి, ఇవన్నీ వదిలేయాల్సినవే. శ్వాస అభ్యాసాల్లో కూడా బలంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక లాంటివి పొట్ట ఆపరేషన్ అయినవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి వద్దు. మెల్లగా పీల్చి, ఇంకా మెల్లగా వదలడం, అలిసిపోని వారికి తుమ్మెదలా ఝుమ్మనే భ్రామరి చాలు.

లావెండర్ నూనె గురించి కూడా. కీమో సమయంలో వాసనలు మనకి అందినట్టు అందవు. మీకు హాయిగా ఉన్న వాసనకి పక్క మంచం ఆవిడకి కడుపులో తిప్పేయొచ్చు. వాసన లేని నూనె గానీ క్రీము గానీ, అదీ నర్సు సరేనన్నదే వాడండి.

ఇదంతా చదివి భయపడి మానేయకండి. ఇవి తెలియకపోవడం మీ ఒక్కరి లోపం కాదు, మీకు చెప్పకుండా రోగి దగ్గరికి పంపిన ఏర్పాటు లోపం. నోటిమాట అనుమతితో వచ్చే చిక్కు ఇదే. ఇక్కడ మీ ముందు మూడు దారులున్నాయి.

ఇప్పుడున్నట్టే కొనసాగడం మొదటిది. సులువు, ఎవరినీ అడగక్కర్లేదు. కానీ రేపు ఏ రోగికైనా చర్మం కమిలినా, పడిపోయినా, మీకు తెలియకపోయినా, బాధ్యత మీ మీదికి వస్తుంది. హెడ్ నర్సు గారు మంచితనానికి పోయి ఇబ్బందుల్లో పడతారు. ఇది నేను వద్దనే చెబుతాను.

రెండోది, రాతపూర్వకంగా పెట్టించుకోవడం. క్యాన్సర్ విభాగం పెద్ద డాక్టరు గారి దగ్గర పావుగంట సమయం అడగండి. ఎవరి దగ్గరికి వెళ్లొచ్చు, ఏమేమి చేయొచ్చు, ఏవి చేయకూడదు, ఎవరికి చెప్పాలి అని ఒక పేజీ మీద రాయించుకోండి. ప్రతి మధ్యాహ్నం వార్డుకి వెళ్లగానే సిస్టర్ దగ్గర "ఈ రోజు ఎవరిని ముట్టుకోవచ్చు, ఎక్కడ?" అని అడగడం, అయ్యాక ఏం చేశారో, రోగి ఏమన్నారో కేస్ షీట్‌లో ఒక వాక్యం రాయించడం. దీనివల్ల మీ స్వేచ్ఛ కొంత పోతుంది. ఆ డాక్టరు గారు ఒప్పుకోకపోవచ్చు కూడా. కానీ ఒప్పుకుంటే మీరు వార్డు మనిషి అవుతారు, డ్యూటీ డాక్టరు కూడా మిమ్మల్ని ఇంకో కంటితో చూస్తారు. పెద్ద డాక్టరు గారితో మాట్లాడేటప్పుడు ప్రాణశక్తి, చక్రాలు అని మొదలుపెట్టకండి, ఆయన భాషలో మాట్లాడండి. అమెరికాలో క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో, క్యాన్సర్ రోగులకు ఇలాంటి పద్ధతుల మీద పనిచేసే మరో సంఘంతో కలిసి 2022లో నొప్పి గురించి, 2023లో ఆందోళన, దిగులు గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. ఉపశమన సంరక్షణలో (బాధ తగ్గించడం మీద దృష్టిపెట్టే వైద్యంలో) ఉన్నవారి నొప్పికి మర్దన, చికిత్స నడుస్తున్నవారి ఆందోళనకి ధ్యానం, యోగా, సంగీతం ఇవ్వొచ్చని వాటిలో ఉంది. కొన్నింటికి ఆధారం గట్టిది, కొన్నింటికి పలుచన, అది కూడా వాళ్లే రాశారు. మణికట్టు నొక్కడం కూడా అంతే. మణికట్టు గీత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల వెడల్పులో, తాళ్లలా తగిలే రెండు స్నాయువుల మధ్య ఉండే ఆ చోటు నొక్కితే ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం తగ్గుతుందని చాలా పరీక్షల్లో తేలింది. కీమో వికారానికి కొంత సాయం చేయొచ్చు, అంతే గాని వాంతుల మాత్ర మానేయడానికి అది కారణం కాకూడదు. ఇంత కొలిచి మాట్లాడితే ఏ డాక్టరూ టైమ్ వేస్ట్ అనరు.

మూడోది ఆ వార్డు వదిలేసి వేరేచోట మొదలుపెట్టడం. ఒప్పందం కుదరకపోతే ఇది ఓటమేమీ కాదు. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ఉంది, ఇంకా ఉపశమన సంరక్షణ చేసేవాళ్లు ఉంటారు. స్వచ్ఛందంగా వచ్చేవారిని తీసుకుంటారా, ఏ శిక్షణ ఇస్తారు అని ముందుగా అడిగి వెళ్లండి. శిక్షణ ఇవ్వకుండా రమ్మనే చోటికి మళ్లీ వెళ్లకండి.

మీ గురువుగారి మాటకి వస్తాను. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది చాపలు పరుచుకుని ఆసనాలు వేశారు. విశాఖలో ఇప్పుడు యోగాకి ఉన్న గౌరవం ఎన్నడూ లేదు. ఆ ఉత్సాహంలో మీ గురువుగారు బోర్డు పెట్టమంటున్నారు, అర్థం చేసుకోగలను. కానీ మందుతోనో మహిమతోనో క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం ఈ దేశంలో నేరం. 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం, నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో క్యాన్సర్‌ని పేరుపెట్టి చేర్చింది. మేనేజరు గారి కరపత్రానికీ ఇదే వర్తించొచ్చు. అందులో మీ ఫోటో ఉంటే మీరూ ఇరుక్కోవచ్చు. చట్టం పక్కన పెట్టినా, ఆ కరపత్రం చూసి ఇంకో శ్రీకాకుళం ఆవిడ వరండాలోకి వచ్చి అదే ప్రశ్న అడుగుతుంది. ఈసారి మీరు కాదన్నా, కాగితం అవునంటుంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో మాత్రం నేను రెండు దారులు చూపించను. ఆ వాక్యం ఉన్న కాగితం మీద మీ పేరు వద్దు. మేనేజరు గారికి రాతలోనే చెప్పండి. గురువుగారితో తగాదా పెట్టుకోనక్కర్లేదు, "మీరు నేర్పింది చేస్తున్నాను గురువుగారూ, నయమవుతుందని మాత్రం నా నోటితో అనలేను" అంటే చాలు. ఆయన నొచ్చుకున్నా పర్వాలేదు.

డబ్బు తీసుకోవడం తప్పు కాదమ్మా. చదువుకున్నారు, ఎండలో వెళ్తున్నారు, మూడు మధ్యాహ్నాలు ఇస్తున్నారు. ప్రశ్న ఎవరి దగ్గర తీసుకుంటారన్నదే. ఆసుపత్రి మీకు నెలకి ఇంత అని గౌరవ వేతనం ఇచ్చి, ఏ రోగికైనా ఉచితంగా అందిస్తే ఎవరికీ బరువు కాదు. మీకూ ఒక నియామకపత్రం, ఒక బాధ్యత ఉంటాయి. కాకపోతే హాజరు, వేళలు వాళ్లు చెప్పినట్టు ఉండాలి. ఉచితంగానే కొనసాగితే మీకు నచ్చని రోజు రానవసరం లేదు, మేనేజరుకి మీ మీద పట్టు ఉండదు, కానీ ఖర్చులు ఇంటివే, భర్త గారి విసుగు కూడా మిగులుతుంది. సెషన్‌కి ఇంత అని పేషంటు దగ్గర తీసుకోవడం మాత్రం నాకు ఇష్టం లేదు. రోగికి తోడుగా వచ్చిన అటెండర్ బిల్లు ముందు నిలబడి "డాక్టరు దగ్గరే చేయించారు కదా, మానేస్తే బాగోదేమో" అనుకుంటూ అప్పు చేసి కడతాడు. వైద్య సేవ మీద చేరినవారికి అది నగదు లేని చికిత్స కావాలి. ఆ పైన వేరే ప్యాకేజీ పెట్టడం సరైనదేనా అని ఆసుపత్రి ముందుగా ఆ పథకం వాళ్లనే రాతలో అడగాలి. ఇంకో ఇబ్బంది, సెషన్ల లెక్క మొదలైతే ఈ రోజు ఈయనకి వద్దు అని చెప్పే స్వేచ్ఛ మీకు తగ్గిపోతుంది.

మీ భర్త గారి భయాన్ని తేలిగ్గా తీసేయకండి. కోవిడ్ చూసిన ఏ ఇంట్లోనైనా ఆ మాట వస్తుంది. క్యాన్సర్ అంటుకోదని ఆయనకి తెలిసే ఉంటుంది. అంతకంటే రోజూ వార్డు నుంచి మీరు తెచ్చుకునే దిగులే ఆయన్ని కలవరపెడుతోందేమో. నాన్నగారు పోయిన బాధ ఇంకా ఆరలేదు, ప్రతి మంచం దగ్గరా మళ్లీ ఆయన్నే చూస్తున్నారు మీరు. ఉత్తరం నిండా అదే ఉంది. వారంలో మూడు మధ్యాహ్నాలని కొన్నాళ్లు ఒకటికి తగ్గించుకుంటే ఆయనకీ కాస్త ఊపిరి, మీకూ. హెపటైటిస్-బి టీకా, ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి, ఆ సంగతి ఆయనకి చెప్పండి. జలుబు, జ్వరం, కడుపులో బాగోలేని రోజు వెళ్లనని మాటివ్వండి.

గాజుల విషయంలో అత్తగారికి కోపం కంటే దిగులు ఎక్కువ. కానీ మణికట్టు దాకా సబ్బుతో కడుక్కోవాలంటే గాజులు, ఉంగరాలు అడ్డమే, వాటి కింద తడి, మురికి ఉండిపోతాయి. సబ్బుతో కడగడానికే 40 నుంచి 60 సెకన్లు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో గుమ్మం దగ్గర తీసి వెళ్లే బదులు, ఆసుపత్రిలో చేతులు కడుక్కునే చోట తీసి డబ్బాలో పెట్టుకుని, అయిపోగానే అక్కడే వేసుకుని ఇంటికి రండి. బోసి చేతులతో బయటికి వెళ్లే దృశ్యం అత్తగారి కంట పడదు. ఇంకా బాధపడితే ఒకసారి ఆవిణ్ని వెంట తీసుకెళ్లి సిస్టర్ల చేతులు చూపించండి.

చివరగా, మీరు ఉత్తరంలో ఒక్క పంక్తిలో రాసి వదిలేసిన మాట నాకు అన్నిటికంటే పెద్దదిగా కనపడింది. కీమో వార్డు బయట బెంచీల మీద, కింద చాపల మీద పడుకునే అటెండర్లు మీరు వెళ్తుంటే లేచి నిలబడతారన్నారు. రోగులకైతే నర్సులున్నారు. వాళ్లకెవరూ లేరు. పెద్ద డాక్టరు గారు మీకు అనుమతి ఇవ్వడానికి నెల పట్టినా, ఈలోపు వరండాలో పది మంది అటెండర్లని కూర్చోబెట్టి మెల్లగా శ్వాస వదలడం నేర్పడానికి ఎవరి కేస్ షీటూ చూడనక్కర్లేదు, ఎవరి ప్లేట్‌లెట్లూ అడగనక్కర్లేదు. హెడ్ నర్సు గారికి చెప్పి, వేళ అడిగితే చాలు. రోగి చర్మం బాగుందని సిస్టర్ చెప్పిన రోజున భార్యకో కొడుక్కో చెయ్యి ఎలా పట్టుకోవాలో, ఎంత మెత్తగా రాయాలో, ఎర్రబడితే ఎక్కడ ఆపాలో చూపించండి. రాత్రి రెండింటికి ఆయనకి నిద్ర పట్టనప్పుడు పక్కన ఉండేది వాళ్లే. ఊరెళ్లాక కూడా వాళ్లే చేస్తారు, దానికోసం ఎవరూ మళ్లీ మీ దగ్గరికి బస్సెక్కి రానక్కర్లేదు. విశాఖ వచ్చేది కీమోకే వస్తారు.